పిల్లవాడు దారి తప్పుతున్నాడేమో అనిపించినప్పుడు: ముప్పునూ అండనూ లెక్క చూసుకోవడం ఎలా?

స్కూలు నుంచి ఫోన్ వస్తుంది. మీ అబ్బాయి పక్కవాడి బ్యాగులోంచి డబ్బు తీశాడంటారు. లేదంటే రాత్రి పదకొండింటికి ఇంటికొచ్చి, ఎక్కడికెళ్లావని అడిగితే జవాబు చెప్పకుండా గది తలుపు వేసేసుకుంటాడు. ఆ టెన్షన్‌లో మనం చేసేవి సాధారణంగా రెండే. "మావాడు అలాంటివాడు కాదు" అని కొట్టిపారేస్తాం. లేదా "వీడు చేయి దాటిపోయాడు" అని ఆ పూటే తీర్పు చెప్పేస్తాం.

టీనేజి పిల్లలతో చాలా ఏళ్లుగా పనిచేస్తున్నాను కాబట్టి చెప్తున్నాను, ఆ రెండూ వద్దు. కాగితం, పెన్ను తీసుకుని కూర్చోండి. పిల్లవాణ్ణి తప్పుదారి వైపు లాగుతున్నవేమిటో, అటు పోకుండా పట్టి ఉంచుతున్నవేమిటో లెక్క చూసుకోండి. లాగుతున్నవాటిని ముప్పు అందాం, పట్టి ఉంచేవాటిని అండ అందాం. ఈ రంగంలో ఉన్నవాళ్లు రిస్క్ ఫ్యాక్టర్లు, ప్రొటెక్టివ్ ఫ్యాక్టర్లు అనేది వీటినే. మీరు తల్లో తండ్రో కానక్కర్లేదు. టీచరైనా, బాబాయైనా, పెద్దమ్మైనా ఈ పని చేయొచ్చు. రాయడానికి వీలుగా "వాడు" అంటున్నాను గానీ ఆడపిల్లలకూ పద్ధతి ఇదే. కాకపోతే ఆడపిల్ల విషయంలో ఇంకో ప్రశ్న తప్పకుండా వేసుకోవాలి: ఎవరైనా ఆ పిల్లను హింసించారా, వేధించారా? ఇల్లు వదిలి పారిపోవడం వెనకా, చిల్లర దొంగతనం వెనకా చాలాసార్లు అదే ఉంటుంది.

మొదట జరిగింది జరిగినట్టు రాయండి

"దొంగ", "రౌడీ", "మొండిఘటం" లాంటి మాటలు కాగితం మీద పడకూడదు. "మంగళవారం మధ్యాహ్నం బ్యాగులోంచి డబ్బు తీశాడు. పక్కన ఇద్దరు స్నేహితులున్నారు. అడగ్గానే ఒప్పుకున్నాడు, తర్వాత రోజంతా అన్నం ముట్టలేదు" అని రాయండి. ఇలా రాస్తే ఏ వేళలో జరిగిందో, పక్కన ఎవరున్నారో, తర్వాత వాడికి ఎలా అనిపించిందో మీ ముందుంటుంది. ముందు ముందు పనికొచ్చేవి ఇవే. "దొంగ" అని రాసుకుంటే చేతికి ఏమీ దొరకదు.

ముద్ర వేయవద్దనడం కేవలం మంచితనం కోసం కాదు. బాలనేరాల నివారణ మీద 1990లో ఐక్యరాజ్యసమితి ఆమోదించిన రియాద్ మార్గదర్శకాల్లో ఈ మాట ఉంది: పిల్లల మీద నేరస్థులనే ముద్ర వేస్తే ఆ ప్రవర్తనే వాళ్లలో స్థిరపడిపోయే అవకాశం ఎక్కువని నిపుణుల్లో ఎక్కువమంది భావిస్తున్నారని. అవే మార్గదర్శకాలు ఇంకో సంగతీ చెప్తాయి. కుర్రతనంలో కట్టు తప్పడం ఎదుగుదలలో భాగమే, చాలామందిలో పెద్దయ్యేసరికి దానంతటదే పోతుంది.

ఎప్పుడు మొదలైందో గుర్తు చేసుకోండి

మనవాళ్లు ఇలాంటప్పుడు "మొక్కై వంగనిది మానై వంగునా" అంటారు. ఈ ఒక్క సామెతను కాసేపు పక్కన పెట్టమని వేడుకుంటున్నాను.

అమెరికాలోని ఫిలడెల్ఫియాలో 1945లో పుట్టి, పదో ఏట నుంచి పద్దెనిమిదో ఏట దాకా అదే నగరంలో ఉన్న 9,945 మంది మగపిల్లల పోలీసు రికార్డులను నేరశాస్త్రవేత్త మార్విన్ వుల్ఫ్‌గాంగ్ బృందం పరిశీలించింది. ఆ ఫలితాలు 1972లో వెలువడ్డాయి. మూడో వంతుకు పైగా పిల్లలు కనీసం ఒక్కసారైనా పోలీసుల దృష్టికి వచ్చారు. వాళ్లలో దాదాపు సగం మంది ఆ ఒక్కసారితోనే ఆగిపోయారు. మొత్తం పిల్లల్లో 6 శాతం మంది, అంటే 627 మంది మాత్రం సగానికి పైగా నేరాలకు కారణమయ్యారు. ఒక్క తప్పు చూసి పిల్లవాడి జీవితం మొత్తం ఊహించుకోవడం ఎంత పొరపాటో ఈ లెక్క చూస్తే తెలుస్తుంది.

1993లో టెర్రీ మాఫిట్ అనే మనస్తత్వవేత్త రెండు దారులను విడదీసి చూపించారు. కొందరిలో దుడుకుతనం చిన్నప్పుడే, బడిలో చేరే వయసులోనే మొదలవుతుంది. ఇంట్లోనూ బడిలోనూ కనిపిస్తూ, ఏళ్ల తరబడి సాగుతుంది. ఎక్కువమంది పిల్లల్లో అది టీనేజిలో స్నేహితులతో మొదలై, ఉద్యోగం, సంసారం లాంటి బాధ్యతలు వచ్చేసరికి తగ్గిపోతుంది. అందుకే కాగితం మీద మొదటి గొడవ ఏ వయసులో జరిగిందో వేయండి. పదేళ్ల లోపే కొట్లాటలు, జంతువులను హింసించడం, నిప్పు పెట్టడం లాంటివి మొదలై ఉంటే ఇంటి ప్రయత్నం ఒక్కటీ చాలదు. పిల్లల మానసిక వైద్యుల దగ్గరకు ఇప్పుడే వెళ్లండి, "పెద్దయితే పోతుందిలే" అనుకోవద్దు. పద్నాలుగో ఏట, స్నేహితుల మధ్య మొదలై ఉంటే చేయాల్సిన పని ఎక్కువగా మీ చేతుల్లోనే ఉంది.

కాగితాన్ని మూడు గళ్లుగా గీయండి

మొదటి గడిలో మార్చలేని ముప్పులు రాయండి. తండ్రి జైలుకెళ్లి రావడం, చిన్నప్పుడు తిన్న దెబ్బలు, ఇప్పటికే జరిగిపోయిన గొడవ, ఇలాంటివి. రెండో గడిలో మార్చగలిగినవి: బడి ఎగ్గొట్టడం, చదువులో వెనకబడటం, సాయంత్రాలు ఎవరూ పట్టించుకోకపోవడం, ఇంట్లో ఒకరోజు కొట్టడం మరోరోజు వదిలేయడం, తాగుడు, మత్తు పదార్థాలు, గొడవల్లో ఉండే స్నేహితులు, ముందూ వెనకా చూడకుండా దూకే తొందరపాటు. మూడో గడి అండ.

మొదటి గడి నిండగానే గుండె జారిపోతుంది. దాని పని మీకు పిల్లవాణ్ణి అర్థం చేయించడం వరకే, తర్వాత దాని మీద సమయం పెట్టకండి. ఏ ఒక్క ముప్పూ తనంత తాను పిల్లవాణ్ణి నేరస్థుణ్ణి చేయదని కూడా గుర్తుంచుకోండి. పేదరికం ఒక్కటే చేయదు, విడిపోయిన తల్లిదండ్రులు ఒక్కటే చేయదు. ఒకదాని మీద ఒకటి పేరుకున్నప్పుడే బరువు పెరుగుతుంది. కాబట్టి రెండో గడిలో ఆరు ఉంటే ఆరూ ఒకేసారి మార్చాలని చూడొద్దు. రెండింటిని తీసేసినా బరువు తగ్గుతుంది.

నేను చూసినంతలో మూడో గడి దగ్గరకొచ్చేసరికి పెన్ను ఆగిపోతుంది. తల్లిదండ్రులకే కాదు, చదువుకున్న నిపుణులకూ అంతే. పిల్లల్లో హింసా ప్రవృత్తిని అంచనా వేయడానికి చాలా దేశాల్లో వాడే సావ్రీ అనే పద్ధతిలో ముప్పు అంశాలు 24 ఉంటే, అండ అంశాలు 6 మాత్రమే. చెడును లెక్కపెట్టడం మనందరికీ అలవాటు. అందుకని ఈ గడి కోసం కాస్త కష్టపడండి. వాడు ఎవరి మాట వింటాడు? ఏ పని చేస్తున్నప్పుడు టైమ్ మర్చిపోతాడు? ఏ టీచరంటే ఇష్టం? గొడవల జోలికి పోని స్నేహితుడు ఒక్కడైనా ఉన్నాడా? చెల్లెలి విషయంలో జాగ్రత్తగా ఉంటాడా? వచ్చే ఏడాది గురించి ఏమైనా అనుకుంటున్నాడా? చిన్నదనిపించినా రాయండి.

వారం రోజుల వేళలు గీయండి

సోమవారం నుంచి ఆదివారం దాకా, వాడు ఏ వేళలో ఎక్కడ, ఎవరితో ఉంటాడో రాయండి. తెలియని చోట ప్రశ్నార్థకం పెట్టండి. బడి అయిపోయిన దగ్గర్నుంచి పెద్దవాళ్లు ఇంటికి చేరేదాకా ఉన్న రెండు మూడు గంటల్లోనే ఎక్కువ ప్రశ్నార్థకాలు పడతాయి. అమెరికాలో బడి ఉన్న రోజుల్లో పిల్లలు చేసే హింసాత్మక నేరాలు ఎక్కువగా జరిగేది కూడా బడి వదిలిన వెంటనే వచ్చే ఆ గంటల్లోనే, అర్ధరాత్రి కాదు.

పక్కన ఎవరున్నారన్నది కూడా అంతే ముఖ్యం. 2005లో గార్డ్‌నర్, స్టైన్‌బర్గ్ అనే పరిశోధకులు 306 మంది చేత కారు నడిపే కంప్యూటర్ గేమ్ ఆడించారు. ఒంటరిగా ఆడినప్పుడు 13–16 ఏళ్ల పిల్లలకూ పెద్దవాళ్లకూ పెద్ద తేడా కనిపించలేదు. పక్కన స్నేహితులు ఉన్నప్పుడు మాత్రం పిల్లలు తీసుకున్న రిస్క్ దాదాపు రెట్టింపయింది. 24 ఏళ్లు దాటినవాళ్లలో మార్పు లేదు. "ఒక్కడే ఉంటే బంగారం, వాళ్లతో కలిస్తేనే ఇలా" అని తల్లులు అంటుంటారు. అందులో వెనకేసుకు రావడమే కాదు, నిజం కూడా ఉంది.

అలాగని "వాళ్లతో తిరగొద్దు" అంటే ఆ స్నేహం మీ కంటికి కనబడకుండా పోతుంది, అంతే. ఆ గంటలను వేరే పనితో నింపడమే దారి. రోజూ ఒకే వేళకు, ఒక పెద్దమనిషి ఎదురుగా ఉండే పని అయితే మేలు. ఆట కావచ్చు, సంగీతం కావచ్చు, రిపేరు షెడ్డు కావచ్చు. "పెద్దమనిషి ఎదురుగా" అనే మాట వదలకండి. ఎవరూ చూడని చోట పిల్లల్ని గుంపుగా వదిలేస్తే, పేరుకు ఆటస్థలమైనా ముప్పు తగ్గదు. స్నేహితుల్ని ఇంటికి రానివ్వండి కూడా. వాళ్ల పేర్లు తెలుస్తాయి, ముఖాలు తెలుస్తాయి.

నిఘా పెట్టడం కాదు, చెప్పుకునేలా చేయడం

తల్లిదండ్రులు కన్నేసి ఉంచిన పిల్లలు గొడవల్లోకి తక్కువ పోతారని చాలాకాలంగా అనుకుంటూ వచ్చారు. 2000లో హోకన్ స్టాటిన్, మార్గరెట్ కెర్ అనే ఇద్దరు పరిశోధకులు స్వీడన్‌లో పద్నాలుగేళ్ల పిల్లల మీద చేసిన అధ్యయనంలో దీని అసలు సంగతి బయటపడింది. పిల్లల గురించి తల్లిదండ్రులకు తెలిసినదాంట్లో ఎక్కువ భాగం నిఘా వల్ల వచ్చింది కాదు. పిల్లలు తమంతట తాము చెప్పుకున్నది.

దీని అర్థం నాకు ఒక సైకిల్ చెయిన్ దగ్గర తెలిసింది. పద్నాలుగేళ్ల అబ్బాయి, రెండుసార్లు స్కూలు నుంచి సస్పెండయ్యాడు. ఎదురుగా కూర్చోబెట్టి నేను వేసిన ప్రతి ప్రశ్నకూ "ఏమో", "తెలీదు". మూడు వారాలు అలాగే గడిచాయి. ఒకరోజు వాడి సైకిల్ చెయిన్ ఊడిపోతే ఇద్దరం నేల మీద కూర్చున్నాం. నేను వెనక చక్రం ఎత్తి పట్టుకున్నాను, వాడు పళ్ల మీదికి చెయిన్ ఎక్కిస్తున్నాడు. వేళ్లన్నీ గ్రీజు. నా వైపు చూడకుండా, "ఆ రోజు నేను కొట్టలేదు. ఫోన్ పట్టుకుని వీడియో తీశానంతే. తియ్యకపోతే నన్ను కొట్టేవాళ్లు" అన్నాడు. నేను "ఊఁ" అన్నాను. అంతకుమించి అనలేదు. పెడల్ రెండుసార్లు తిప్పి చూసుకుని, మిగతాది కూడా చెప్పాడు.

కాబట్టి ఎదురెదురుగా కాకుండా పక్కపక్కన కూర్చునే సందర్భాలు వెతుక్కోండి. నడుస్తూ, బండి మీద వెళ్తూ, గిన్నెలు తోముతూ మాట్లాడండి. వాడు ఏదైనా చెప్పినప్పుడు మొదటి ఐదు నిమిషాలు తిట్టొద్దు, సలహా ఇవ్వొద్దు. "తర్వాత ఏమైంది?" అని మాత్రం అడగండి. నిజం చెప్పినందుకు దెబ్బలు పడ్డ పిల్లవాడు ఇంకోసారి చెప్పడు. శిక్ష ఏదైనా వేయాల్సి వస్తే దానికి మర్నాడు ఉంది.

ఇంట్లో అరుపుల ఉచ్చు

అమెరికాలోని ఒరెగాన్ రాష్ట్రంలో జెరాల్డ్ ప్యాటర్సన్ అనే మనస్తత్వవేత్త ఏళ్ల తరబడి కుటుంబాలను దగ్గర నుంచి గమనించి ఒక ఉచ్చును వర్ణించారు. మన ఇళ్లలో అది ఇలా నడుస్తుంది. "ఫోన్ పక్కన పెట్టు" అంటారు. వినడు. గొంతు పెంచుతారు. వాడూ పెంచుతాడు. మీరు లాక్కోబోతారు. వాడు తలుపు దబ్బున వేస్తాడు, చేతిలో ఉన్నది నేలకేసి కొడతాడు. అలసిపోయి, "నీ ఇష్టం వచ్చినట్టు చావు" అని మీరు వెళ్లిపోతారు. వాడికి ఆ పూట ఒక పాఠం వచ్చింది: గట్టిగా అరిస్తే, విసిరికొడితే ఎదుటివాళ్లు తగ్గుతారు. మరోరోజు మీరే చెయ్యి చేసుకుంటే వాడు ఆగుతాడు. అప్పుడు మీకూ అదే పాఠం వస్తుంది. ఇదే పాఠంతో వాడు బడికి వెళ్తాడు.

ఉచ్చులోంచి బయటికి రావాలంటే రూల్స్ తగ్గించండి. మూడు చాలు. ఉదాహరణకు, ఏ వేళకు ఇంటికి రావాలి, ఎక్కడున్నాడో చెప్పాలి, ఎవరినీ కొట్టకూడదు. తప్పితే ఏమవుతుందో ముందే, మామూలుగా ఉన్న వేళలో, వాడితోనే కలిసి అనుకోండి. శిక్ష చిన్నదిగా ఉండాలి, ప్రతిసారీ అమలవ్వాలి. నెల రోజులు ఫోన్ లేదని కోపంలో చెప్పి మూడో రోజు ఇచ్చేయడం కన్నా, ఒక్క సాయంత్రం ఫోన్ లేదని చెప్పి ప్రతిసారీ నిలబెట్టుకోవడం ఎన్నో రెట్లు నయం. ఇంట్లో ఇద్దరు పెద్దవాళ్లుంటే ఇద్దరిదీ ఒకే మాట కావాలి. సరిగ్గా వేళకు వచ్చిన రోజున "వచ్చావా, మంచిది" అనడం మరవొద్దు. తప్పు చేసినప్పుడు మాత్రమే వాడు మన కంట పడతాడు, అదే చిక్కు.

బడితో తాడు తెగనివ్వకండి

సస్పెన్షన్ అయితే ఖాళీ గంటలు ఇంకా పెరుగుతాయి. స్కూలుకు వెళ్లి గొడవ పడకుండా, ఇంటి దగ్గర చేయడానికి పాఠాలు అడగండి, తిరిగి వచ్చే తేదీ రాయించుకోండి. మార్కుల కోసం కాదు. వాడు నలుగురి ముందు సిగ్గుపడకుండా చేయగలిగిన సబ్జెక్టు ఒక్కటి ఉన్నా తాడు నిలుస్తుంది. చదవడం సరిగ్గా రాకపోతే కంటి పరీక్ష, వినికిడి పరీక్ష, నేర్చుకోవడంలో ఇబ్బంది ఉందేమో చూపించడం ముందు చేయాలి. ఏళ్ల తరబడి "బద్ధకం" అనుకున్నది వేరే ఏదో కావచ్చు.

ఒక్క మనిషిని వెతకండి

మూడో గడిలో ఇంకేమీ లేకపోయినా ఈ ఒక్కటి ఉండాలి. హవాయి దీవుల్లోని కవాయ్‌లో 1955లో పుట్టిన 698 మంది పిల్లలను ఎమ్మీ వెర్నర్, రూత్ స్మిత్ దశాబ్దాల పాటు గమనించారు. వాళ్లలో పేదరికం, ఇంట్లో గొడవలు, తల్లిదండ్రుల మానసిక సమస్యలు, తాగుడు లాంటి ముప్పులు నాలుగు, అంతకుమించి ఉన్న పిల్లలను వేరుగా చూశారు. వాళ్లలో మూడింట ఒక వంతు మంది ఏ పెద్ద గొడవల్లోనూ పడకుండా, నమ్మకమున్న, ఇతరులను పట్టించుకునే మనుషులుగా ఎదిగారు. వాళ్ల జీవితాల్లో పదేపదే కనిపించింది, వాళ్లను వదిలిపెట్టని ఒక పెద్దమనిషి. అమ్మానాన్నే కానక్కర్లేదు. అమ్మమ్మ, తాతయ్య, అక్క, టీచరు, ఎవరైనా సరే.

అలాంటి మనిషి దగ్గరకు మీరే వెళ్లి అడగండి. "మావాణ్ణి బాగుచేయండి" అని కాదు. "వారానికి ఒకసారి, ఫలానా రోజు వాడితో ఒక గంట గడపగలరా? ఏడాది పాటు?" అని అడగండి. మధ్యలో మానేసేవాళ్లయితే ముందే వద్దని చెప్పమనండి. ఇప్పటికే చాలామంది వదిలేసిన పిల్లవాడికి ఇంకొకరు వదిలేయడం మామూలు దెబ్బ కాదు.

మంచి ఉద్దేశంతో చేసే హాని

మూడు పనులు అస్సలు వద్దు. జైలు చూపించి భయపెట్టడం మొదటిది. పిల్లలను జైలుకు తీసుకెళ్లి, ఖైదీల చేత కఠోరంగా మాట్లాడించే కార్యక్రమాల మీద అమెరికాలో జరిగిన తొమ్మిది ప్రయోగాలను ఆంథొనీ పెట్రోసినో బృందం కలిపి చూసింది. జైలు చూసిన పిల్లలే, చూడనివాళ్లకన్నా ఎక్కువ నేరాల్లోకి వెళ్లారు. తెలిసిన పోలీసు చేత నాలుగు తగిలించడం కూడా ఈ కోవలోదే.

రెండోది, గొడవల్లో ఉన్న పిల్లలందరినీ ఒకచోట చేర్చడం. మసాచుసెట్స్‌లో 1939లో మొదలైన ఒక కార్యక్రమంలో 506 మంది అబ్బాయిలను జతలుగా విడదీసి, జతలో ఒకరికి ఏళ్ల తరబడి సలహాలు, చదువు సాయం, వేసవి శిబిరాలు అందించారు. ముప్పై ఏళ్ల తర్వాత జోన్ మెక్‌కార్డ్ వాళ్లందరినీ వెతికి చూస్తే, సాయం అందుకున్నవాళ్ల పరిస్థితే చాలా విషయాల్లో అధ్వానంగా ఉంది. ఒకటికి మించి వేసవి శిబిరాలకు వెళ్లినవాళ్లలో హాని ఎక్కువ కనిపించింది. ఈ సంగతి మొదటిసారి తెలిసినప్పుడు నాకు చాలా రోజులు మనసు బాగోలేదు. నేనూ అలాంటి గుంపులు నడిపినదాన్నే. పిల్లలు ఒకరి గొప్పలకు ఒకరు నవ్వుతూ, ఆ నవ్వు కోసం ఇంకో గొప్ప చెప్పడం నా కళ్లతో చూశాను. ఇప్పుడు గుంపు పెట్టాల్సి వస్తే ఎక్కువమంది గొడవల్లో లేని పిల్లలే ఉండేలా చూస్తాను.

మూడోది కొట్టడం. దాని గురించి పైన చెప్పాను.

ఇప్పటికే కేసు దాకా వెళ్తే

పిల్లవాణ్ణి ఒంటరిగా వదలొద్దు. పెద్దవాళ్లలో ఒకరు, వీలైతే లాయరు పక్కన ఉండగానే ఏదైనా రాసివ్వనివ్వండి. చిన్న తప్పయితే కోర్టు దాకా వెళ్లకుండా, నష్టపోయినవాళ్లకు పరిహారం ఇవ్వడం, కౌన్సెలింగ్ లాంటి దారి ఉందేమో అడగండి. ఇది తప్పించుకోవడం కాదు. 2010లో వెలువడిన ఒక సమీక్షలో 29 ప్రయోగాలు, ఏడు వేలకు పైగా పిల్లల వివరాలు పరిశీలించారు. కేసు పూర్తిగా నడపడం వల్ల ఆ పిల్లల్లో నేరాలు తగ్గలేదు. తీసినది తిరిగి ఇప్పించండి, విరిచినది బాగుచేయించండి. నష్టపోయిన మనిషి ముఖం చూసి వాడి నోటితోనే క్షమాపణ చెప్పించండి. మీరు ముందుకెళ్లి వాడి బదులు చెప్పొద్దు, పక్కన నిలబడండి చాలు.

ఆయుధం దొరికినా, మత్తుకు అలవాటు పడ్డాడని తెలిసినా, చచ్చిపోతానన్నా ఈ కాగితం పక్కన పెట్టి ఆ రోజే డాక్టరు దగ్గరకు తీసుకెళ్లండి.

మూడు నెలల తర్వాత

మళ్లీ మూడు గళ్లు గీయండి, పాత కాగితం చూడకుండా. తర్వాత రెండూ పక్కపక్కన పెట్టుకోండి. మొదటి గడి అలాగే ఉంటుంది. రెండో గడిలో ఒకటి రెండు తగ్గాయేమో, వేళల పట్టీలో ప్రశ్నార్థకాలు ఎన్ని మిగిలాయో చూడండి. మధ్యలో వాడు ఇంకోసారి తప్పు చేసి ఉండొచ్చు, నేను చూసిన పిల్లల్లో చాలామంది చేశారు. అప్పుడు కూడా తేదీ, వేళ, పక్కన ఎవరున్నారో రాసుకోండి. ఆ సైకిల్ అబ్బాయి రెండో కాగితంలో మూడో గడిలో కొత్తగా చేరింది ఒకటే: శనివారాలు రిపేరు షెడ్డులో ట్యూబులకు ప్యాచ్‌లు వేస్తున్నాడు, షెడ్డాయన తాళంచెవి వీడి చేతికే ఇస్తున్నాడు.